రుడాల్ఫ్ డీజిల్

బరువులు మోయు లారీలు, ఊరూరికి ప్రయాణికులను చేరవేయు బస్సులు, పొలములు దున్ను ట్రాక్టర్లు, మహాసముద్రములు దాటు ఓడలు, వీనిలో పెక్కింటిని నడుపునది డీజిల్ యంత్రము. మన పల్లెలకు కరెంటు తీగలు రాకముందు బావులలోని నీటిని తోడి పైరులను బ్రతికించిన ఆయిలింజనులలో పెక్కులు ఈ జాతికి చెందినవే. పెట్రోలు బంకు దగ్గర డీజిల్ అను మాట దినమునకు ఎన్నిమారులు వినబడునో లెక్కలేదు. అది ఒక నూనె పేరని అందరును ఎరుగుదురు. అది ఒక మనుష్యుని పేరని ఎరిగినవారు కొందరే. ఆయన తన యంత్రమందలి లోపములను ఒక్కొక్కటిగా వెదకి పట్టుకొని గెలిచెను. తన జీవితమందలి లోపములను మాత్రము వెలికి తీయలేక ఓడెను. ఆ మహాశిల్పి చరిత్రము తెలిసికొనదగినది.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన ఫ్రాన్సు రాజధానియగు పారిస్ నగరమున జన్మించెను. ఆయన తల్లిదండ్రులు నేటి జర్మనీలో చేరియున్న బవేరియా దేశమునుండి బ్రతుకుతెరువు కొరకు వచ్చి పారిస్‌లో స్థిరపడినవారు. తండ్రి థియోడోర్ పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చినవాడు. తోలుతో సంచులు మొదలగు వస్తువులను చేసి విక్రయించుచు కుటుంబమును పోషించుచుండెను. రాబడి స్వల్పము. బాలుడగు రుడాల్ఫ్ తండ్రి తయారుచేసిన సరకులను బండిపై త్రోసికొనిపోయి ఇంటింట ఇచ్చి వచ్చుచుండెడివాడు. తీరిక చిక్కినప్పుడు అతడు నగరమందలి యంత్ర ప్రదర్శనశాలకు పోయి, పూర్వకాలపు ఆవిరి బండిని, తక్కిన యంత్రములను గంటలకొలది చూచుచు, వాని బొమ్మలు గీసికొనుచు ఆనందించెడివాడు.

ఆ సుఖము ఎంతోకాలము నిలువలేదు. 1870లో ఫ్రాన్సునకును, ప్రష్యాకును యుద్ధము సంభవించెను. పారిస్‌లో నివసించుచున్న జర్మనులు నగరమును విడువవలసి వచ్చెను. డీజిల్ కుటుంబము ఉన్న వస్తువులను వదలి లండను నగరము చేరెను. అచ్చట పూటగడచుటయే కష్టమయ్యెను. అప్పుడు తల్లిదండ్రులు పండ్రెండేండ్ల రుడాల్ఫ్‌ను ఒంటరిగా తమ స్వస్థలమగు ఆగ్స్‌బర్గు నగరమునకు పంపిరి. అచ్చట బార్నికెల్ అను బంధువు సాంకేతిక పాఠశాలయందు గణితోపాధ్యాయుడుగా నుండెను. ఆయనయు, ఆయన భార్యయు రుడాల్ఫ్‌ను కన్నబిడ్డవలె ఆదరించిరి. యుద్ధము, పేదరికము, ఎడబాటు ఆ పసిహృదయమును గాయపరచినను, చదువు విషయమున అతని పట్టుదల సడలలేదు. పదునాలుగేండ్ల ప్రాయముననే తాను ఇంజనీరు కావలెనని నిశ్చయించుకొని తల్లిదండ్రులకు ఉత్తరము వ్రాసెను. 1873లో ఆ పాఠశాలలో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను.

ఆగ్స్‌బర్గు పాఠశాలలో ఒక చిన్న పరికరము ఉండెడిదని చెప్పుదురు. అది ఒక గొట్టము. దానిలో సరిగా ఇమిడియుండు కడ్డీని వేగముగా లోనికి నొక్కినచో, అడుగుననున్న గాలి బిగువుగా అదుమబడి, మిక్కిలి వేడెక్కి, అందుంచిన దూదివంటి పదార్థము భగ్గున అంటుకొనును. అగ్గిపుల్ల లేదు, నిప్పురవ్వ లేదు. గాలియే నిప్పు పుట్టించెను. సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగము వెచ్చనగుట మనలో అనేకులు ఎరుగుదురు. ఆ రెంటికిని కారణమొక్కటే. గాలిని అదిమినకొలది దాని వేడి హెచ్చును. ఈ చిన్న సత్యమే పిమ్మట డీజిల్ యంత్రమునకు ప్రాణమయ్యెను.

1875లో రుడాల్ఫ్ విద్యార్థి వేతనము సంపాదించి మ్యూనిక్ నగరమందలి ఉన్నత సాంకేతిక విద్యాలయమున ప్రవేశించెను. అచ్చట కార్ల్ లిండే అను ఆచార్యుడు ఉష్ణశాస్త్రమును బోధించుచుండెను. శీతల యంత్రములను నిర్మించి కీర్తిగాంచిన లిండే ఈయనయే. ఆనాడు లోకమునంతటిని నడుపుచున్నది ఆవిరి యంత్రము. అయితే బొగ్గు మండుటవలన కలుగు వేడిలో నూటికి పదిపాళ్లయినను ఆ యంత్రము పనిగా మార్చుట అరుదు. తక్కిన వేడియంతయు పొగతోను, ఆవిరితోను కలిసి వ్యర్థమగుచుండెను. ఫ్రాన్సు దేశస్థుడగు కార్నో అను శాస్త్రజ్ఞుడు ఆదర్శమగు ఉష్ణయంత్రము ఇంతకంటె ఎన్నియో రెట్లు ఎక్కువ పని చేయగలదని ఎంతో ముందే నిరూపించియుండెను. లిండే ఈ విషయమును వివరించుచుండగా విద్యార్థియగు డీజిల్ మనస్సున ఒక కోరిక మొలకెత్తెను. ఇంత వేడి వృథాకాని యంత్రమును తానేల నిర్మింపరాదు? ఆనాడు నోటుపుస్తకపు అంచున వ్రాసికొనిన ఆ ఆలోచన పదునాలుగేండ్లు ఆయనను విడువలేదు.

టైఫాయిడు జ్వరముచే 1879లో పరీక్షకు పోజాలక, కొంతకాలము స్విట్జర్లాండులోని సుల్జర్ సోదరుల యంత్రశాలలో పనిచేసి చేతిపని నేర్చుకొనెను. 1880లో పరీక్షయందు అత్యుత్తమ ఫలితముతో పట్టము పొందెను. తరువాత లిండే వ్యాపారసంస్థలో చేరి, పారిస్‌లో మంచుగడ్డలు తయారుచేయు కర్మాగారమును నడిపెను. 1883లో మార్తా ఫ్లాషె అను యువతిని వివాహమాడెను. వారికి ముగ్గురు బిడ్డలు కలిగిరి. పగలంతయు ఉద్యోగము, రాత్రులందు పరిశోధన. ఆవిరికి బదులు అమ్మోనియా వాయువుతో నడచు యంత్రమును చేయవలెనని మొదట యత్నించెను. ఒక పర్యాయము ఆ ప్రయోగము ప్రేలి ఆయన గాయపడి చాలకాలము వైద్యశాలలో ఉండవలసి వచ్చెను. ఆ మార్గము ఫలింపదని గ్రహించి దానిని విడిచెను గాని ఆశయమును విడువలేదు. 1890లో ఆయన కుటుంబముతో బెర్లిన్ నగరమునకు మారెను.

ఆ రోజులలో అప్పుడప్పుడే వ్యాప్తిలోనికి వచ్చుచున్న పెట్రోలు యంత్రములందు గాలిని, ఇంధనమును ముందే కలిపి సిలిండరులోనికి పంపి, నిప్పురవ్వచేతనో, మంటచేతనో అంటించెడివారు. డీజిల్ ఇందుకు విరుద్ధమగు పద్ధతిని ఆలోచించెను. సిలిండరులోనికి ముందుగా గాలిని మాత్రమే తీసికొనవలెను. పిస్టను పైకి పోవుచు ఆ గాలిని మిక్కిలి బిగువుగా అదుమవలెను. గాలి ఎర్రగా కాగిన ఇనుమువలె వేడెక్కిన తరుణమున అందులోనికి ఇంధనమును సన్నని తుంపరగా చిమ్మవలెను. అది తనంతటతానే అంటుకొని పిస్టనును క్రిందికి నెట్టును. నిప్పు పెట్టు పరికరముతో పనియే లేదు. 1892లో ఆయన ఈ పద్ధతికి జర్మన్ ప్రభుత్వమునుండి పేటెంటు హక్కును కోరెను. మరుసటి సంవత్సరము అది లభించెను. 1893లోనే తన సిద్ధాంతమును ఒక గ్రంథముగా ప్రకటించి పెద్ద పెద్ద ఆచార్యులకును, యంత్రశాలాధిపతులకును పంపెను. కొందరు మెచ్చిరి, కొందరు ఇది కాగితముపై నడచు యంత్రమే గాని కర్మాగారమున నడవదనిరి.

ఆగ్స్‌బర్గు యంత్రశాలకు అధిపతియగు హైన్రిహ్ ఫాన్ బూజ్ మొదట సందేహించెను గాని పిదప సమ్మతించి ప్రయోగములకు స్థలమును, పనివారిని ఇచ్చెను. క్రుప్ సంస్థవారు ధనసహాయమునకు పూనుకొనిరి. 1893 వేసవిలో మొదటి ప్రయోగ యంత్రము సిద్ధమయ్యెను. అది సుమారు 3 మీటర్ల ఎత్తు కలిగి, ఒకే సిలిండరుతో నిటారుగా నిలుచుండెను. ఆగస్టు 10వ తేదీన కర్మాగారపు పట్టీతో దానిని త్రిప్పుచు లోనికి ఇంధనము పంపిరి. ఇంధనము అంటుకొనెను. ఫిరంగి ప్రేలినట్లు ధ్వనించి, పీడనమును కొలుచు పరికరము ముక్కలై ఎగిరిపోయెను. ఎవ్వరికిని ప్రాణాపాయము కలుగలేదు. చూచినవారు ప్రయోగము విఫలమైనదనుకొనిరి. డీజిల్ మాత్రము అదిమిన గాలివేడికే ఇంధనము అంటుకొనునని రుజువైనందుకు సంతోషించెను.

అయితే అంటుకొనుట వేరు, నడచుట వేరు. ఈ రెంటికి నడుమనున్న దూరమును దాటుటకు నాలుగు సంవత్సరములు పట్టెను. మొదటి యంత్రము తనంతట తాను ఒక్క క్షణమైనను తిరుగలేదు. అప్పుడు డీజిల్ దానిని పారవేయక, ఏ భాగము చెడినదో, ఏల చెడినదో విచారించెను. పిస్టను ప్రక్కలనుండి గాలి జారిపోవుచుండెను. జారిన గాలితో పీడనమును, పీడనముతో వేడియు తగ్గుచుండెను. కవాటములు గట్టిగా మూసికొనకుండెను. ఇంధనమును చిమ్ము ముక్కు కొన్నిమారులు ఎక్కువ చిమ్మి నల్లని మసిని పుట్టించుచుండెను. కొన్నిమారులు పూడుకొని ఏమియు చిమ్మకుండెను. ఆయన ఒక్కొక్క లోపమును వేరుచేసి, ఒక్కొక్క పర్యాయము ఒక్క మార్పును మాత్రమే చేసి, ఫలితమును కొలిచి, పుస్తకమున వ్రాసికొనెను. ఒక్కసారిగా నాలుగు భాగములను మార్చినచో దేనివలన మేలు కలిగినదో తెలియదు గదా!

తన సిద్ధాంతమునందే కొంత పొరపాటున్నదని కూడ ఆయన అప్పుడే గ్రహించెను. గాలిని 250 రెట్ల పీడనమువరకు అదుమవలెనని ఆయన మొదట తలచెను. ఆనాటి లోహములు అంతటి ఒత్తిడికి ఓర్వజాలవు. అందుచే దానిని ఎంతో తగ్గించి, ఇంధనము మండు తీరును మార్చి, 1893 నవంబరులో రెండవ పేటెంటును కోరెను. తుదకు సుమారు 30 రెట్ల పీడనము చాలునని తేలెను. అంతమాత్రముననే గాలి 500 డిగ్రీల ప్రాంతమునకు వేడెక్కును.

1894 ఫిబ్రవరి 17వ తేదీన మరల ప్రయోగము జరిగెను. కర్మాగారపు పట్టీ యంత్రమును త్రిప్పుచుండెను. అంతలో పట్టీ ఒడుదుడుకులుగా ఊగుటను ఒక పనివాడు కనిపెట్టెనట. పట్టీ యంత్రమును లాగుట మాని, యంత్రమే పట్టీని లాగుచుండెను! ఆ పనివాడు నోట మాటరాక తన టోపీని తీసి డీజిల్‌కు నమస్కరించెనని చెప్పుదురు. యంత్రము సుమారు ఒక్క నిమిషము తన బలముతో తాను నడచెను. ఆ ఒక్క నిమిషమునకై ఆయన ఎన్నియో రాత్రులు మేల్కొనియుండెను.

మరి మూడేండ్లు గడచెను. ఇంధనమును చిమ్ముటకు బిగువైన గాలినే ఉపయోగించు పద్ధతి కుదిరెను. అధికారులు వేసారిరి, వ్యయము పెరిగెను, డీజిల్ ఆరోగ్యము క్షీణించెను. ఎట్టకేలకు 1897 ఫిబ్రవరిలో మ్యూనిక్ విద్యాలయాచార్యుడగు మోరిట్జ్ ష్రోటర్ వచ్చి క్రొత్త యంత్రమును పరీక్షించెను. అది నిముసమునకు సుమారు 154 మారులు తిరుగుచు, 18 అశ్వశక్తుల బలము నిచ్చుచు, ఇంధనమందలి వేడిలో నూటికి 26 పాళ్లను పనిగా మార్చెను. లోకమున అంతవరకు ఏ ఉష్ణయంత్రమును అంతటి ఫలితమును చూపలేదు. ఆ యంత్రము నేటికిని మ్యూనిక్ నగరమందలి జర్మన్ మ్యూజియమున భద్రముగా నున్నది.

వెంటనే దేశదేశములనుండి వ్యాపారులు ఆగ్స్‌బర్గునకు పరుగెత్తి వచ్చిరి. అమెరికా దేశపు అడాల్ఫస్ బుష్ అచ్చటి హక్కుల కొరకు పదిలక్షల మార్కుల నిచ్చెను. పేదవాని కుమారుడు నలువదేండ్లు నిండునప్పటికి కోటీశ్వరుడని పేరుపొందెను. కాని ప్రయోగశాలలో మేధావుల చేతిలో నడచిన యంత్రము సామాన్యుల చేతిలో అట్లు నడచునా? మొదటి వ్యాపార యంత్రము 1898లో కెంప్టెన్ పట్టణమందలి ఒక అగ్గిపెట్టెల కర్మాగారమునకు చేరెను. అగ్గిపుల్ల అక్కరలేని యంత్రము అగ్గిపుల్లల కర్మాగారమునకే మొదట పోవుట విచిత్రము! అది పలుమార్లు మొరాయించెను. ఇతర చోట్లకు పంపినవి కూడ పొగలు క్రక్కి, బలము కోల్పోయి నిలిచిపోయెను. కొనినవారు కోపించిరి, కొన్ని యంత్రములు తిరిగివచ్చెను. యంత్రపు తత్త్వము మంచిదే. ఆ తత్త్వమునకు తగినంత మేలైన లోహమును, నునుపైన అతుకులను, నేర్పరులగు పనివారిని సమకూర్చుటకు ఇంకను కొన్ని సంవత్సరములు అవసరమయ్యెను. ఇంతలో పేటెంటు హక్కు తమదని కొందరు వ్యాజ్యములు తెచ్చిరి. డీజిల్ నరములు దుర్బలమై 1898లో వైద్యశాలయందు విశ్రాంతి తీసికొనవలసి వచ్చెను.

1900 సంవత్సరమున పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనమున డీజిల్ యంత్రమునకు మహాబహుమానము లభించెను. బాలుడుగా తనను వెడలగొట్టిన నగరమే ఆయనను పెద్దవానిగా సత్కరించెను. ఆ ప్రదర్శనమందు ఒక చిన్న డీజిల్ యంత్రమును వేరుసెనగ నూనెతో నడిపి చూపిరి. భూమినుండి తీయు నూనె దొరకని దేశములవారు తమ పొలములలో పండిన గింజల నూనెతోనే యంత్రములు నడుపుకొనవచ్చునని ఆయన తరువాతి కాలమున వ్రాసెను. వేరుసెనగ విస్తారముగా పండు మన రాయలసీమవారికి ఈ సంగతి ఆసక్తి కలిగింపక మానదు.

క్రమముగా డీజిల్ యంత్రము నమ్మకమైనదయ్యెను. 1903లో రష్యాదేశపు వోల్గా నదిపై వాండాల్ అను నావ డీజిల్ యంత్రబలముతో నడచెను. 1912లో డెన్మార్కునందు నిర్మింపబడిన సెలాండియా అను ఓడ పొగగొట్టములు లేకుండగనే మహాసముద్రములను దాటి చూపరులను ఆశ్చర్యపరచెను. బొగ్గు త్రవ్వి కొలిమిలో వేయు వందలాది కూలీల కష్టము ఓడలలో తగ్గుటకు అది ఆరంభము. చిన్న చేతిపనివారికి చవుకగా బలము నిచ్చు చిన్న యంత్రము కావలెననియు, బండ్లకు సరిపోవు యంత్రము కావలెననియు డీజిల్ ఆశించెను. అందుకై ఆయన యత్నించెను గాని, ఇంధనము చిమ్ముటకు కావలసిన గాలి యంత్రపు బరువువలన ఆయన జీవితకాలమున ఆ కోరిక తీరలేదు.

బయటి లోకమునకు ఆయన భాగ్యవంతుడు. మ్యూనిక్‌లో రాజభవనమువంటి ఇల్లు కట్టించెను. కాని లోపల కథ వేరు. ఆయన ధనములో పెద్దభాగము వాటాల రూపమున నుండి విలువ కోల్పోయెను. స్థలముల వ్యాపారమున నష్టము వచ్చెను. వ్యాజ్యములు మిగిలినదానిని మ్రింగెను. శ్రామికుల మేలుకోరి 1903లో వ్రాసిన గ్రంథమును కొనినవారు కొలదిమందియే. యంత్రమున పొగ కనబడగానే కారణము వెదకిన ఆయన, ఇంటి లెక్కలలో లోటు కనబడినప్పుడు దానిని ఎవ్వరికిని చెప్పలేదు. భార్యకు గాని, మిత్రులకు గాని తెలియనీయక, అప్పుచేసి మునుపటి వైభవమునే నడిపెను.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలమున ఆయన ఇరువురు సహచరులతో బెల్జియములోని ఆంట్‌వెర్ప్ రేవున డ్రెస్డెన్ అను స్టీమరు ఎక్కెను. లండనులో ఒక యంత్రసంస్థ సమావేశమునకు పోవలసియుండెను. భోజనానంతరము ముగ్గురును కొంతసేపు సంభాషించిరి. రాత్రి సుమారు పది గంటలకు ఆయన తన గదికి పోవుచు, ఉదయము ఆరుంబావునకు తన్ను లేపవలసినదిగా నౌకరుకు చెప్పెను. తెల్లవారునప్పటికి గది శూన్యముగా నుండెను. పడకపై పవళించిన గుర్తు లేదు. ఆయన టోపీయు, పైకోటును ఓడ వెనుక భాగమున కనబడెను. పది దినముల పిమ్మట ఒక డచ్చి నావ సముద్రముపై తేలుచున్న ఒక దేహమును చూచెను. దానిపై దొరకిన కళ్లద్దముల పెట్టె మొదలగు వస్తువులు తన తండ్రివేయని కుమారుడు యూజెన్ గుర్తించెను. ఆనాటికి ఆయన వయస్సు ఏబదియైదు సంవత్సరములు. పిదప లెక్కలు చూడగా ఆయన ఆస్తికంటె అప్పులు మిక్కుటముగా నుండెను. ఆ రాత్రి సముద్రముపై ఏమి జరిగినదో నేటికిని నిశ్చయముగా తేలలేదు.

మనిషి మరణించినను ఆయన యంత్రము పెరిగెను. స్విట్జర్లాండు దేశస్థుడగు ఆల్ఫ్రెడ్ బూహి అను ఇంజనీరు 1905లోనే ఒక ఉపాయమునకు పేటెంటు పొందియుండెను. వ్యర్థముగా వెలికిపోవు పొగతో ఒక చక్రమును త్రిప్పి, ఆ చక్రముచే మరింత గాలిని సిలిండరులోనికి త్రోయించుటయే ఆ ఉపాయము. దానినే నేడు టర్బో అని పిలుచుచున్నారు. 1927లో బాష్ సంస్థవారు ఇంధనమును నేరుగా చిమ్ము చిన్న పంపులను విరివిగా తయారుచేయ మొదలిడిరి. దానితో పెద్ద గాలి యంత్రముతో పనిలేకపోయెను. డీజిల్ యంత్రము తేలికయై లారీలలోనికి, తరువాత కార్లలోనికి, కొండలెక్కు జీపులలోనికి చేరెను.

డీజిల్ ఆగ్స్‌బర్గులో నేర్చుకొనిన పాఠము నేడు ఒక మెకానికునకు ఎట్లుపయోగపడునో చూతము. నాలుగు చక్రములకును బలము అందు డీజిల్ జీపు ఒకటి కొండదారి ఎక్కుచు హఠాత్తుగా శక్తి కోల్పోయినదనుకొందము. యాక్సిలరేటరు ఎంత త్రొక్కినను అది ముందుకు సాగదు. నేర్పులేనివాడు వెంటనే చేతికందిన భాగమునెల్ల విప్పి మార్చును. నేర్పరి తొందరపడడు. లోపము యంత్రమున నున్నదా, వెలుపల నున్నదా అని మొదట విచారించును. యంత్రపు రొద పెరుగుచు బండి మాత్రము కదలకున్నచో శక్తి పుట్టుచునే యున్నది; క్లచ్చి జారుటచే అది చక్రములను చేరుట లేదు. చక్రము నడిమి భాగము చేయి తాకలేనంత వేడిగా నున్నచో బ్రేకు విడువక పట్టుకొనియున్నది. కొన్ని జీపులలో గట్టి రోడ్డుపై కూడ నాలుగు చక్రముల గేరును వదలక నడిపినచో, మలుపులందు ముందు చక్రములును వెనుక చక్రములును వేర్వేరు దూరములు పోవలసియుండుటచే ఒకదానితో నొకటి పెనగులాడి బండి బిగుసుకొనును.

ఇవేవియు కాకున్నచో అతడు పొగను చూచును. పొగ యంత్రము పలుకు భాష. నల్లని పొగ వచ్చినచో ఇంధనమునకు చాలినంత గాలి అందుట లేదని సాధారణముగా భావింపవలెను. గాలి ఫిల్టరు దుమ్ముతో పూడియుండవచ్చును. టర్బోనుండి గాలి తెచ్చు రబ్బరు గొట్టము పగిలియో, ఊడియో యుండవచ్చును. పొగయు లేక, బలమును లేక యున్నచో ఇంధనమే తగినంత రాకుండవచ్చును. డీజిల్ ఫిల్టరు మడ్డితో నిండుట, గొట్టములలో గాలి చొచ్చుట, టాంకులో నీరు చేరుట ఇందుకు కారణములు. తెల్లని పొగ పలుమార్లు ఇంధనము సరిగా మండలేదని తెలుపును. గాలి బిగువు తగ్గియో, ఇంజెక్టరు తుంపరగా చిమ్మకయో యుండును. నీలిపొగ కనబడినచో కందెన నూనె మండుచున్నది. పిస్టను రింగులు గాని, టర్బో గాని అరిగియుండవచ్చును. పొగ వెలికిపోవు గొట్టము మూసికొనిపోయినను యంత్రము ఊపిరాడక నీరసించును. చవుకయైనవానిని, సులభముగా చూడగలవానిని ముందు చూచి, ఖరీదైన భాగములను చివరకు విప్పుట వివేకము.

ఈ కాలపు వాహనములందు ఇంధనమును వేయి రెట్లకు మించిన పీడనముతో చిమ్ముదురు. దానిని చిన్న కంప్యూటరు నియమించును. ఎచ్చటనైన లోపము కనబడినచో యంత్రము పాడుకాకుండుటకై ఆ కంప్యూటరే బలమును తగ్గించి, హెచ్చరిక దీపమును వెలిగించును. బండిని ఆపి మరల నడిపినచో ఒక్కొక్కప్పుడు బలము తిరిగివచ్చును. అంతమాత్రముచే జబ్బు కుదిరినదనుకొనరాదు. దీపము వెలిగిన కారణమును కనుగొనవలెను. గాలి, బిగువు, ఇంధనపు తుంపర, ఈ మూడింటిని వెదకుటయే నేటి మెకానికు పని. నూరేండ్లకు పూర్వము డీజిల్ చేసినదియు ఇదియే.

డీజిల్ యంత్రము లోకమునకు మేలునే గాక కీడును కూడ తెచ్చినదని మరువరాదు. దాని పొగ ఊపిరితిత్తులకు హానికరము. అది కాన్సరు వ్యాధికి కారణము కాగలదని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగము ప్రకటించెను. ఆ లోపమును తగ్గించుటకును, ఇతర మార్గములు వెదకుటకును ఇంజనీర్లు నేడు శ్రమించుచున్నారు. వృథాను సహింపలేక బయలుదేరిన డీజిల్ జీవించియున్నచో ఆయనయు వారితో చేరియుండెడివాడేమో.

చిన్న యంత్రమును గూర్చిన ఆయన కలను జపాను దేశపు రైతుకుటుంబమున జన్మించిన యమవోకా మగోకిచి 1933లో నెరవేర్చెను. ఆయన చేసిన చిన్న డీజిల్ యంత్రములు వ్యవసాయదారులకు మిక్కిలి ఉపకరించెను. ఆయన కృతజ్ఞతతో 1957లో ఆగ్స్‌బర్గు నగరపు తోటలో డీజిల్ స్మృత్యర్థము రాళ్లతో ఒక జపాను వనమును ఏర్పాటు చేయించెను. సమాధి లేని మహనీయునకు అదియే తగిన స్మారకము.

బాలబాలికలారా! రుడాల్ఫ్ డీజిల్ జీవితము మనకు రెండు విషయములను బోధించుచున్నది. పని చెడినప్పుడు విసుగుచెందక, ఓర్పుతో ఒక్కొక్క కారణమును పరిశీలించినచో ఎంతటి చిక్కునైనను విడదీయవచ్చును. ఇది ఆయన విజయము నేర్పు పాఠము. కష్టము కలిగినప్పుడు దానిని లోలోపల దాచుకొనక ఆత్మీయులతో చెప్పికొనవలెను. దాచిన లోపము యంత్రమునకైనను, మనుష్యునకైనను చేటు తెచ్చును. ఇది ఆయన దుఃఖము నేర్పు పాఠము. ఈ రెంటిలో రెండవదియు మొదటిదానివలెనే విలువైనది.